118-110

ఆ రాత్రి ఒక బాక్సింగ్ ఫైట్ స్కోరు మీద మా బావకీ నాకూ మొదలైన గొడవ ఇంకా పూర్తిగా తేలలేదు, అందుకే కూర్చుని మొత్తం రాసేద్దామనుకున్నా. 2025 ఫిబ్రవరి 22, శనివారం. భీమవరం దాటాక మా చెరువు గట్టు మీద మకాంలో ముగ్గురం ఉన్నాం, నేను, మా మేనత్త కొడుకు బావ, మా బాబాయ్. రొయ్యల చెరువు ఉన్నోళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, అర్ధరాత్రి దాటిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కునుకు తియ్యడానికి లేదు, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయేది ఆ టైంలోనే, నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగినట్టు మనం చూసుకోలేదంటే తెల్లారేసరికి రొయ్య పైకి తేలిపోద్ది. ఎలాగూ మేలుకుని ఉండాలి, సౌదీలో రియాద్‌లో జరిగే బాక్సింగ్ ఫైట్లు మనకి సరిగ్గా ఆ టైంకే వస్తాయి, ఇంకేం, ఫోన్‌ని మేత బస్తాకి ఆనించి ముగ్గురం దాని ముందు చేరాం.

అసలు మేం ఎదురుచూసింది ఆఖర్న ఉన్న బెటర్బియేవ్, బివోల్ అనే ఇద్దరు బాక్సర్ల రెండో ఫైట్ కోసం. గొడవ వచ్చింది మాత్రం దాని గురించి కాదు, అంతకుముందు జరిగిన హమ్జా షీరాజ్, కార్లోస్ అడామెస్ ఫైట్ గురించి.

షీరాజ్ ఎవరంటే ఇంగ్లండ్ కుర్రాడు, అప్పటికి 25 ఏళ్ళు, ఆరడుగుల మూడంగుళాల మనిషి. అంత పొడుగున్నోడు మిడిల్‌వెయిట్‌కి, అంటే 72.5 కేజీలకి దిగడమే ఒక వింత. 21 ఫైట్లకి 21 గెలిచాడు, అందులో 17 నాకౌట్లు. అంతకు ఐదు నెలల ముందే వెంబ్లీలో టైలర్ డెన్నీని రెండో రౌండ్లోనే ముగించేసాడు. ఇంక చూస్కోండి, కాబోయే చాంపియన్ ఇతనే, మిడిల్‌వెయిట్‌ని ఏలేది ఇతనే అని ఒకటే ఊదర. అవతల అడామెస్ డొమినికన్ రిపబ్లిక్ మనిషి, డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) చాంపియన్ బెల్టు ఉన్నదే ఆయన దగ్గర, అయినా ఆ వారమంతా ఆయన గురించి మాట్లాడినోడు నాకైతే పెద్దగా కనపడలేదు, కుర్రాడు ఎన్నో రౌండ్లో పడగొడతాడు అన్నదొక్కటే చర్చ. మా బావ కూడా అదే గాలిలో ఉన్నాడు. ఐదో రౌండ్ దాటదు రాసిపెట్టుకో అన్నాడు.

ఫైట్ మొదలయ్యాక చూస్తే అంతా వేరేగా ఉంది. కుర్రాడు చేతులు రెండూ మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకుని వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు, అంత పొడుగు చేతులున్నోడు జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ) వేసి ఎదుటోణ్ణి దూరంగా ఆపాలి కదా, ఆ జాబే రావట్లేదు, అడామెస్ మాత్రం తనకంటే పొడుగైన మనిషి మీదకి తనే జాబ్ వేస్కుంటూ వెళ్తున్నాడు. మా బావ నాలుగో రౌండ్లో "ఆగరా, ఇప్పుడు కొడతాడు చూడు" అన్నాడు. ఆరులో అదే మాట. తొమ్మిదిలో అదే మాట. ఇక్కడే నాకు కాలింది. కొడతాడని మనం ఎదురుచూస్తున్నామని జడ్జి 10 ఇవ్వకూడదు కదా, ఆ 3 నిమిషాల్లో ఏం కొట్టాడు అన్నదానికే ఇవ్వాలి.

నేను ఫైట్ చూసేటప్పుడు మేత పుస్తకం వెనక పేజీల్లో స్కోరు రాస్కుంటా. పద్ధతి తెలియనోళ్ళ కోసం చెప్తున్నా, ప్రతి రౌండూ ఒక విడి పరీక్ష, గెలిచినోడికి 10, ఓడినోడికి 9, ఎవరైనా కింద పడితే 8. చూడాల్సినవి నాలుగు: శుభ్రంగా తగిలిన దెబ్బ, పనికొచ్చే దూకుడు, రింగులో ఎవరి ఇష్టప్రకారం ఆట నడుస్తోంది, డిఫెన్స్. నాలుగు ఉన్నాయి కానీ నా లెక్కలో మొదటిదే తల్లి లాంటిది, మిగతా మూడూ దాన్ని పట్టుకుని నడిచేవే. దెబ్బ తగలకుండా ఊరికే ముందుకొచ్చేస్తే అది దూకుడు కాదు, దెబ్బలు తప్పించుకుని తిరిగి ఒక్కటీ వెయ్యకపోతే అదేం డిఫెన్స్, అది దాక్కోడం.

12 రౌండ్లు అయ్యాక నా కాగితం మీద 116-112 అడామెస్, బావ కాగితం మీద 115-113 షీరాజ్. అనౌన్సర్ చదివాడు, ఒక జడ్జి 118-110 అడామెస్, ఒక జడ్జి 115-114 షీరాజ్, మూడో ఆయన 114-114. డ్రా. బెల్టు అడామెస్ దగ్గరే ఉండిపోయింది, కుర్రాడి రికార్డులో ఓటమి అన్న అంకె పడకుండా తప్పిపోయింది.

మా బావ ఎగిరి గంతేసాడు, చూసావా నేను చెప్పానా దగ్గర ఫైట్ అని, ఆ 118-110 ఇచ్చినోడికి కళ్ళు లేవు, 10 రౌండ్లు ఎక్కడ గెలిచాడ్రా అడామెస్ అని. నాకేమో ఆ 118-110 కంటే 115-114 చూస్తేనే మంట. అది కూడబెట్టి చూడండి, 229 వస్తది. ఎవరూ పడకుండా పాయింట్లు ఏమీ కొయ్యకుండా 12 రౌండ్లు అయితే రెండూ కలిపి 228 రావాలి. ఆ ఒక్కటీ ఎక్కువ వచ్చిందంటే ఆ జడ్జి ఏదో ఒక రౌండ్‌కి ఇద్దరికీ 10-10 ఇచ్చేసాడన్నమాట. రింగు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది ఎవరో ఒకర్ని తేల్చమని, 3 నిమిషాలు చూసి తేల్చలేకపోయాను అంటే ఎలా? ఒక్క చిన్న జాబ్ ఎక్కువ తగిలినా సరే, వాడికే ఇవ్వాలి.

118-110 అన్న అంకె మీద బావకి ఎందుకంత కోపమో నాకు తెలుసు. ఆ అంకెకి పాత పాపం ఉంది. 1987 ఏప్రిల్ 6న లాస్‌వేగస్‌లో షుగర్ రే లియొనార్డ్, మార్విన్ హ్యాగ్లర్ కొట్టుకున్నప్పుడు ఇద్దరు జడ్జీలు 115-113 రాసారు, ఒకరు లియొనార్డ్‌కి ఒకరు హ్యాగ్లర్‌కి, మూడో ఆయనది 118-110 లియొనార్డ్. లియొనార్డ్ రౌండ్ ఆఖరి 30 సెకన్లలో గబగబా దెబ్బల వాన కురిపించి రౌండ్‌ని లాగేసుకునేవాడు, చేతులు కదిలితే జనం అరుస్తారు, జనం అరిస్తే జడ్జి కలం అటు మొగ్గుద్ది. హ్యాగ్లర్ ఆ తర్వాత మళ్ళీ రింగెక్కలేదు. మళ్ళీ 2017 సెప్టెంబర్ 16న అదే ఊళ్ళో కనెలో అల్వారెజ్, గొలోవ్కిన్. ఒకరు 115-113 గొలోవ్కిన్, ఒకరు 114-114, అడలైడ్ బర్డ్ అనే జడ్జి మాత్రం 118-110 కనెలో. ఆ ఫైట్ చూసిన ఎవరికైనా గొలోవ్కిన్ 2 రౌండ్లే గెలిచాడంటే ఒళ్ళు మండుద్ది, నాకూ మండింది, నేను అప్పుడు కూడా కాగితం మీద రాసాను, నా లెక్కలో గొలోవ్కిన్‌కి 7.

కానీ అంకె ఒకటే అయినంత మాత్రాన తప్పు ఒకటే అవ్వదు బావా అని చెప్పా. 10-9 లో ఉన్న చిక్కే అది. ఎదుటోణ్ణి 3 నిమిషాలు చితక్కొట్టేసినా 10-9 నే, రెండు జాబ్‌లు ఎక్కువ వేసినా 10-9 నే. ఒకడు 10 రౌండ్లు వెంట్రుకవాసిలో గెలిస్తే కార్డు మీద 118-110 పడద్ది, చూసినోడికేమో ఫైట్ నువ్వా నేనా అన్నట్టు అనిపిస్తది, రెండూ నిజమే. అడామెస్ ఆ రాత్రి చేసింది సుమారుగా అదే, ఏ రౌండ్లోనూ కుర్రాణ్ణి పడగొట్టలేదు, ఏడిపించలేదు, కానీ ప్రతి రౌండ్‌లో కొంచెం, కొంచెం, కొంచెం. నేను కుర్రాడికి ఇచ్చిన 4 రౌండ్లలో కూడా రెండు అటూ ఇటూ కాకుండా ఉన్నాయి. ఆ రెండూ అటు వేస్తే నాదీ 118-110 నే అవుద్ది. అందుకని ఆ జడ్జిని నేను తిట్టను.

అప్పటిదాకా మా బాబాయ్ ఏం మాట్లాడలేదు. ఆయనకి కాగితాలు అవీ అక్కర్లేదు, కోడి పందెం బరిలో పెరిగిన మనిషి, అక్కడ జడ్జీలు ఉండరు, నిలబడ్డ పుంజు గెలిచింది పడిపోయింది పోయింది. ఏరేటర్ మోటారు చూసొచ్చి చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "ఒరేయ్, మీరిద్దరూ చెక్ ట్రే చూసి కౌంట్ చెప్పేస్తున్నార్రా" అని.

ఇది కాస్త విడమర్చి చెప్పాలి. చెరువులో రొయ్య ఎంత పెరిగిందో చూడాలంటే గట్టు పక్కనే నీళ్ళలో వేలాడదీసిన చెక్ ట్రే పైకి లాగితే సులువు, అందులో మేత ఉంటది, మేత కోసం వచ్చిన రొయ్యలు ఉంటాయి, బలంగా చురుగ్గా ఉన్నవే ముందు వచ్చి ఎక్కుతాయి. అవి చూసి అబ్బో మా చెరువు 40 కౌంట్‌కి (కేజీకి 40 రొయ్యలకి) వచ్చేసింది అనుకుని బేరం మాట్లాడేసుకున్నోళ్ళు ఎంతమందో. చెరువు మధ్యలోకి వెళ్ళి విసురు వల వేస్తేనే కదా అసలు సంగతి తెలిసేది, చిన్నవీ చితకవీ గుల్లవీ అన్నీ వస్తాయి. బాబాయ్ చెప్పేదేంటంటే ఆ కుర్రాడి 21 ఫైట్లూ చెక్ ట్రే, అడామెస్ విసురు వల.

నాకు ఆ మాట చాలా నచ్చింది. ఎందుకంటే హైప్ అన్నది ఎలా తయారవుద్దో అందులోనే ఉంది. ప్రమోటర్లు కుర్రాణ్ణి పైకి తేవాలంటే వాడు గెలిచే వాళ్ళనే ఎదురు పెడతారు, అది తప్పని నేననను, అందరూ అలాగే ఎదిగారు. కానీ ఎవర్ని కొట్టాడో చెప్పకుండా ఎన్ని కొట్టాడో ఒక్కటే చెప్పుకుంటూ పోతే చూసేవాడి కన్ను పాడైపోద్ది. బెర్లాంగా కథ గుర్తుందా? ఎడ్గర్ బెర్లాంగా, న్యూయార్క్ కుర్రాడు, మొదటి 16 ఫైట్లూ మొదటి రౌండ్లోనే నాకౌట్, పదహారుకి పదహారూ. నేను కూడా ఆ వీడియోలు చూసి అందరికీ పంపించినోణ్ణే. 17వ ఫైట్ 2021లో, డీమాండ్ నికల్సన్ అనే ఆయన 8 రౌండ్లూ నిలబడిపోయాడు. గెలుపు బెర్లాంగాదే, కానీ అప్పటిదాకా 3 నిమిషాలు కూడా పూర్తిగా ఆడని మనిషికి 24 నిమిషాలు ఆడాల్సొచ్చింది. తర్వాత 2024 సెప్టెంబర్లో కనెలోతో ఆడితే మూడో రౌండ్లో కింద పడ్డాడు, 12 రౌండ్లు అయ్యాక ముగ్గురు జడ్జీలూ కనెలోకే ఇచ్చారు.

ఇంతకీ స్కోరింగ్ గురించి నాకెందుకింత పట్టింపు అంటే అది వేరే కథ. డిగ్రీ రెండో ఏడు, ఒక బాక్సింగ్ పోటీలో నేను 3-2 తో ఓడిపోయా. 3 రౌండ్లు, అయిదుగురు జడ్జీలు, అందులో ముగ్గురు అవతలోడికి ఇచ్చారు. ఓడిపోయానని రెఫరీ అవతలోడి చెయ్యి ఎత్తినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు, మా వాళ్ళందరూ అన్యాయం అన్యాయం అని అరిచారు, నేను ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వారం తర్వాత ఒక ఫ్రెండ్ తీసిన వీడియో పంపించాడు. సౌండ్ ఉంటే మా వాళ్ళ అరుపులే వినపడుతున్నాయి, నేను చెయ్యి విసిరిన ప్రతిసారీ ఓ అని కేక, తగిలిందో లేదో సంబంధం లేదు. సౌండ్ ఆపేసి చూసా. మొదటి రౌండ్ శుభ్రంగా పోయింది. రెండోది నాది. మూడోది చూసి చూసి చివరికి అవతలోడికే రాసా. నా చేత్తో నేనే రాసా. ఆ రోజు నుంచి కాస్త పెద్ద ఫైట్ ఏదైనా రెండోసారి సౌండ్ లేకుండా చూడకుండా నేను ఎవరితోనూ వాదించను, లైవ్‌లో రాసిన కార్డు సగం కార్డే.

టోక్యో ఒలింపిక్స్‌లో మేరీ కోమ్‌కి జరిగింది కూడా చాలామంది ఇప్పటికీ దొంగతనం అనే అంటారు. 2021 జూలై 29, కొలంబియా అమ్మాయి ఇంగ్రిత్ వాలెన్సియాతో. మేరీ మూడింట్లో 2 రౌండ్లు గెలిచి కూడా ఎలా ఓడిపోయింది అని మా కాలేజీ గ్రూపులో అప్పట్లో రోజంతా తిట్లు. లెక్క ఇది: మొదటి రౌండ్ 4-1 తో వాలెన్సియాకి పోయింది, తర్వాత రెండూ 3-2 తో మేరీవి. కానీ రౌండ్లు లెక్కపెట్టి ఫలితం చెప్పరు, ఏ జడ్జికి ఆ జడ్జి తన 3 రౌండ్లూ కూడుకుంటాడు, మేరీ వైపు ఉన్న ముగ్గురూ రెండు రౌండ్లలోనూ ఒకే ముగ్గురు కాదు, దాంతో మొత్తం మీద 3-2 వాలెన్సియా. నాకు మేరీ అంటే ప్రాణం, ఆవిడ ఆ రోజు గెలిచాననుకుని చెయ్యెత్తి నవ్వింది, అది చూస్తే ఇప్పటికీ కళ్ళలో నీళ్ళొస్తాయి. అయినా లెక్క తప్పు కాదు. పారిస్ ఒలింపిక్స్‌లో నిశాంత్ దేవ్‌ది కూడా, మెక్సికో వాడు మార్కో వెర్డేతో మొదటి రౌండ్ 4-1 తో మనోడిదే, ఫైట్ 4-1 తో వెర్డేది. అక్కడ మాత్రం నాకు జడ్జీల మీద కోపం పోలేదు, ఎన్నిసార్లు చూసినా రెండో రౌండ్ నిశాంత్‌దే అనిపిస్తది నాకు.

మళ్ళీ ఆ రాత్రికొస్తే, తెల్లవారుజామున బెటర్బియేవ్, బివోల్ దిగారు. వాళ్ళ మొదటి ఫైట్ 2024 అక్టోబర్ 12, అదే రియాద్. అప్పటికి బెటర్బియేవ్ 20 ఫైట్లకి 20 నాకౌట్లు, బివోల్ మొదటిసారి ఆయన్ని 12 రౌండ్లూ లాక్కెళ్ళాడు, ఫలితం 114-114, 115-113, 116-112, బెటర్బియేవ్‌కి. ఇప్పుడు రెండో ఫైట్ అయ్యాక కార్డులు చదువుతుంటే మా ముగ్గురికీ ఒళ్ళు గగుర్పొడిచింది. 114-114, 115-113, 116-112. అవే మూడు అంకెలు, ఈసారి బివోల్‌కి. 24 రౌండ్లు కొట్టుకుని ఇద్దరూ ఎక్కడ మొదలయ్యారో అక్కడికే వచ్చారు. బావది 114-114, నాది 115-113 బివోల్, ఇద్దరం ఒకరి కాగితం ఒకరం చూస్కుని ఏం మాట్లాడలేదు. దగ్గర ఫైట్ అంటే అది. ఆ రెండు రౌండ్లు నువ్వు అటు ఇచ్చావు నేను ఇటు ఇచ్చాను, ఇద్దరికీ కారణాలున్నాయి, ఇద్దరం తప్పు కాదు. షీరాజ్ ఫైట్‌ని కూడా దగ్గర ఫైట్ అని దీని పక్కన కూర్చోబెడితే నాకు ఒప్పుదల కాదు, అక్కడ కుర్రాడి వైపు ఎక్కువ మొగ్గింది దెబ్బలు కాదు, పేరు.

తెల్లారిపోయింది. ఏరేటర్లు ఆపి, చెక్ ట్రేలు లాగి, మేత వేసి ఇంటికెళ్ళిపోయాం. తర్వాత నెలంతా బావ ఎక్కడ కనపడినా షీరాజ్ గురించి నేను ఎత్తేవాణ్ణి, గాలి బుడగ, ఓవర్ హైప్, అయిపోయాడు అని. ఆ మాట అన్నది నేనే, గట్టిగానే అన్నా.

అప్పుడు కుర్రాడు ఏం చేసాడంటే ట్రైనర్‌ని మార్చి ఆండీ లీ దగ్గరికెళ్ళాడు, మిడిల్‌వెయిట్ వదిలేసి పై వెయిట్‌కి, 168 పౌండ్లకి వెళ్ళాడు. జూలై 12న న్యూయార్క్‌లో ఎవరితో దిగాడు? ఆ బెర్లాంగాతోనే, ఆయన సొంత ఊళ్ళో. ఐదో రౌండ్లో రెఫరీ ఫైట్ ఆపేసి షీరాజ్‌కి ఇచ్చాడు. ఈసారి చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగిన మనిషి కాదు, పొడుగు చేతులు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది వాడికి, నాలుగో రౌండ్లో రెండుసార్లు పడేసాడు. బావ పొద్దున్నే ఫోన్ చేసి "ఏరా, గాలి బుడగా?" అన్నాడు. నేను ఒప్పుకున్నా, అయిపోయాడు అన్నమాట వెనక్కి తీస్కుంటున్నా అన్నా. కానీ ఫిబ్రవరి కార్డు మాత్రం వెనక్కి తీస్కోను అన్నా. జూలైలో బాగా కొట్టాడని ఫిబ్రవరిలో తగలని దెబ్బలు తగిలినట్టు అయిపోవు కదా.

దానికి బావ సరే అయితే మళ్ళీ చూద్దాం, నీ పద్ధతిలోనే, అన్నాడు. రొయ్యల పట్టుబడికి ముందు రెండు రోజులు మకాంలోనే కాపలా ఉన్నాం అప్పుడు. సౌండ్ ఆపేసి, ఒకరికొకరు కనపడకుండా నేను మంచం మీద, బావ గుమ్మం దగ్గర, మధ్యలో ఫోన్. రౌండ్ రౌండ్‌కీ ఆపడం, రాయడం. బాబాయ్ కూడా ఈసారి ఒక సిగరెట్ పెట్టె అట్ట చింపి తీస్కుని గుర్తులు పెట్టడం మొదలెట్టాడు, అడ్డగీత ఒకడికి, నిలువుగీత ఒకడికి.

నాది 117-111 అడామెస్. అంటే మొదటిసారి కుర్రాడికి ఇచ్చిన వాటిలో ఒకటి వెనక్కి పోయింది. బావ కాగితం చాలాసేపు చూపించలేదు, నేను లాక్కుని చూసా. 115-113 అడామెస్. ఏమ్మా బావా అంటే, మధ్యలో రెండు రౌండ్లు కుర్రాడు కొట్టాడనే గుర్తుంది రా నాకు, ఇప్పుడు చూస్తే ఏం లేదక్కడ, అన్నాడు. బాబాయ్ అట్ట తీస్కుని గీతలు లెక్కపెడితే 10 అడ్డం, 2 నిలువు.

అడ్డగీత ఎవరిది బాబాయ్ అన్నా. ముసలాడిది అన్నాడు. ఆ ఫైట్ నాటికి ఆయనకి 30 ఏళ్ళే బాబాయ్ అంటే, ఆ కుర్రాడి పక్కన నించుంటే ముసలాడే కదరా, అని అట్ట నా చేతిలో పెట్టేసి జనరేటర్‌లో డీజిల్ చూడ్డానికి వెళ్ళిపోయాడు.